అడిగినా ఇవ్వని బంగారం

ఏసుపాదం చేతికి ఎముక లేదని న్యూజెర్సీలోని పిస్కాటవే చుట్టుపక్కల తెలుగు క్రైస్తవులందరూ చెప్పుకునేవారు. నిజమే, లేదు. కాని ఇచ్చే ముందు ఆ చెయ్యి ఎక్కడికి వెళ్ళి తెస్తుందో మాత్రం ఎవరూ అడగలేదు. అది తిన్నగా దేవకుమారి నగల పెట్టెలోకి వెళ్ళేది. దేవకుమారి ఆయన భార్య.

మనిషి చెడ్డవాడా అంటే, అయ్యో, కాదు. తాగడు, పేకాడడు, పెళ్ళాం మీద గొంతెత్తి ఎరగడు. ఎవరికైనా కష్టం వచ్చిందని వింటే చాలు, కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. ఆ నీళ్ళు తుడుచుకుంటూనే వంటింటి గుమ్మంలోకి వచ్చి, "కుమారీ, ఒక్క మాట" అంటాడు. ఆ ఒక్క మాట వినగానే దేవకుమారి గుండెల్లో రాయి పడేది.

గుంటూరులో ఉన్నప్పుడు అలా వెళ్ళింది రెండు పేటల గొలుసు. ఆమె తల్లి మిషన్ స్కూల్లో పాఠాలు చెప్పి, జీతంలో ఇంతో అంతో మిగిల్చి చేయించిన గొలుసు అది. ఏసుపాదం పినతండ్రి కొడుకు ఆపరేషనుకని తాకట్టుకు వెళ్ళింది, మళ్ళీ గడప తొక్కలేదు. తర్వాత దేవకుమారి నర్సు ఉద్యోగం మీద ముందుగా అమెరికా వచ్చి, భర్తనూ చిన్నపిల్లయిన కూతురు నవోమినీ వెనకాల తెప్పించుకుంది. నాలుగు రాళ్ళు చేరాక నాలుగు గాజులు చేయించుకుంది. 1980లో బంగారం ధర చుక్కలనంటినప్పుడు అవీ వెళ్ళాయి. చర్చిలో ఎవరికో ఉద్యోగం పోయింది, ఇంటి వాయిదా కట్టాలి. "ఇంత ధర మళ్ళీ రాదు కుమారీ. దేవుడే పెంచాడు" అన్నాడు ఏసుపాదం. ప్రపంచంలో బంగారమంతటికీ దేవుడు ధర పెంచింది నా గాజులు అమ్మించడానికేనా అని ఆమె అడగలేదు. అడగాల్సింది.

ఆ పైన నైట్ డ్యూటీల డబ్బుతో రెండు క్రూగరాండ్లు కొంది. దక్షిణాఫ్రికా బంగారు నాణేలు. ఆ రోజుల్లో బంగారు నాణెమంటే అందరూ అవే కొనేవారు. బియ్యం డబ్బా అడుగున దాచుకుంది. అక్కడినుంచీ వాటికి కాళ్ళొచ్చాయి. ఈసారి చర్చి ట్రెజరర్ ఆనందబాబు ఇల్లు కొనుక్కుంటుంటే డౌన్ పేమెంటుకు తక్కువ పడిందట.

అసలు చిక్కు ఇదీ: దేవకుమారికి 'లేదు' అనడం రాదు. ఆసుపత్రిలో తప్పు మందు రాసిన డాక్టర్ని నిలబెట్టి కడిగేసే మనిషి, ఇంట్లో ఆ తడికళ్ళు చూడగానే వెన్నలా కరిగిపోయేది. కరిగి, పెట్టె తాళం తనే తీసి ఇచ్చేది. దాన్ని మంచితనం అన్నారు జనం. ఆమె కూడా చాలాకాలం అలాగే అనుకుంది పాపం.

1987 చలికాలం చివర్లో ఆమె పన్నెండేళ్ళుగా పనిచేస్తున్న ఆసుపత్రి మూతబడింది. వారం తిరక్కుండా ఇంకో ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది, నర్సుకు పనికేం కరువు! పాత ఆసుపత్రి పెన్షన్ మాత్రం మొత్తం ఒకే చెక్కుగా వచ్చింది, పధ్నాలుగు వేల డాలర్లు. రెండు నెలల్లోగా దాన్ని ఐఆర్ఏ అనే రిటైర్మెంట్ ఖాతాలో వేసుకోవాలి. లేకపోతే పన్నూ, ఆపైన జరిమానా. దేవకుమారికి నలభై ఎనిమిదేళ్ళు, మోకాళ్ళు అప్పుడే మొరాయిస్తున్నాయి. మెడలో సిలువబిళ్ళ తాళి తప్పిస్తే ఈ లోకంలో ఇది నాదని చెప్పుకోవడానికి ఆమెకున్నది ఆ చెక్కొక్కటే.

వాళ్ళ తెలుగు చర్చికి సొంత మందిరం లేదు. ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో ఆదివారం మధ్యాహ్నాలు ఆరాధన జరిగేది. ఆ ఆదివారం మందిరం కట్టుకునే మాట వచ్చింది. వెంటనే ఏసుపాదం లేచాడు. కళ్ళు తడి.

"దేవుడు మా ఇంటిని జ్ఞాపకం చేసుకున్నాడు. మా ఆవిడ పెన్షన్ డబ్బు వచ్చింది. అందులోంచి పదివేలు మందిరానికి ఇస్తున్నాం" అన్నాడు.

గదంతా చప్పట్లు. పక్కనున్న సిస్టర్లు దేవకుమారి చేతులు పట్టుకుని ఊపేశారు. ఆమె నవ్వింది. ముఖం మాత్రమే నవ్వింది.

కార్‌లో ఇంటికొస్తూ, "నన్నొక్కమాట అడగాల్సింది కదండీ" అంది.

"అడిగితే నువ్వు కాదంటావా ఏంటి?" అన్నాడు ఏసుపాదం. అమాయకంగా అన్నాడు, ప్రేమగా కూడా అన్నాడు. ఆ మాట ఆమెను నిలువునా కాల్చింది, ఎందుకంటే అది నిజం.

మర్నాడు పొద్దున్న పప్పు కడుగుతూ నిశ్చయించుకుంది దేవకుమారి. తనకు 'లేదు' అనడం రాదు. నలభై ఎనిమిదేళ్ళకు రానిది ఇక వస్తుందని నమ్మకమూ లేదు. అయితే తన బదులు 'లేదు' అని చెప్పేవాళ్ళను వెతుక్కోవాలి. జీతమిచ్చయినా సరే పెట్టుకోవాలి.

దారి చూపించింది నవోమి. కాలేజీలో ఎకనామిక్స్ చదువుతోంది. తెలుగు మాట్లాడితే పలుకు మాత్రం న్యూజెర్సీది. "మమ్మీ, ఐఆర్ఏలో గోల్డ్ కాయిన్స్ పెట్టొచ్చు ఇప్పుడు. న్యూ లా వచ్చింది. బట్ అవి మన ఇంట్లో ఉంచుకోకూడదు. ట్రస్ట్ కంపెనీ వాల్ట్‌లో తాళం వేసి ఉంటాయి. నువ్వు చూడలేవు కూడా."

"చూడలేనా?"

"నో! సిక్స్టీ దగ్గరికి వచ్చేదాకా తియ్యలేవు. తీస్తే పెనాల్టీ. గోల్డ్ కొని చూడకుండా ఉండటం, ఇట్స్ సో స్టుపిడ్ కదా?"

"కాదమ్మా" అంది దేవకుమారి. ఆ రోజంతా ఆమె హుషారుగా తిరిగింది.

బంగారం కొంటానంటే ఏసుపాదం అడ్డు చెప్పలేదు. ఎందుకు చెబుతాడు? బంగారం ఇంట్లో ఉంటే మందిరం పునాది తీసే రోజు తీసి ఇవ్వొచ్చు, ఈలోగా ధర పెరిగితే దేవుడికే లాభం. ఉత్సాహంగా తనే డ్రైవ్ చేసుకుంటూ ఎడిసన్‌లోని నాణేల దుకాణానికి తీసుకెళ్ళాడు.

దుకాణదారు ముసలి అమెరికన్, మెడలో తాడుకు భూతద్దం. నల్లగుడ్డ పరిచి నాణేలు వరసగా పెట్టాడు. క్రూగరాండ్‌ను చూడగానే దేవకుమారికి బియ్యం డబ్బా గుర్తొచ్చి ముఖం తిప్పుకుంది. పక్కది కెనడా వాళ్ళ మేపుల్ లీఫ్, దాని మీద ఆకు బొమ్మ. ఆ తర్వాత అమెరికా ప్రభుత్వం కిందటేడే కొత్తగా వేసిన ఈగిల్. చివర్లో అదే ఈగిల్, కాకపోతే అద్దంలా మెరుగుపెట్టి, వెల్వెట్ పెట్టెలో కూర్చోబెట్టినది. దాని ధర మామూలు దానికన్నా బాగా ఎక్కువ.

ఏసుపాదం మేపుల్ లీఫ్‌ను అరచేతిలో పెట్టుకుని తూచినట్టు చూశాడు. "ఇది చూడు కుమారీ! ఇరవై నాలుగు క్యారెట్లు. మేలిమి. ఆ ఈగిల్ ఉత్త ఇరవై రెండేనట. రాగి కలిపిన బంగారం ఎవరన్నా కొంటారా?"

"మా అమ్మ చేయించిన గొలుసూ ఇరవై రెండేనండీ" అంది దేవకుమారి.

దుకాణదారుకు తెలుగు రాకపోయినా క్యారెట్ల మాట అర్థమైనట్టుంది. ఈగిల్‌లో కూడా అసలు బంగారం ఔన్సుకు తగ్గదనీ, గట్టిదనానికి కలిపిన రాగీ వెండీ ఆ పైన అదనపు బరువనీ చెప్పాడు. ఉత్త మేలిమి మెత్తన, తేలిగ్గా గీతలు పడతాయి, వంగుతుంది అన్నాడు. అది విని దేవకుమారి లోలోపల నవ్వుకుంది. ఇంతకాలం మేలిమిగా బతికి, ఎవరెటు వంచితే అటు వంగింది తను. ఇక చాలు.

"ఈ పెట్టెలోది ఎందుకంత ఖరీదు?" అని అడిగింది.

"చూడటానికి అందంగా ఉంటుంది మేడమ్."

"ఎవరూ చూడని చోటికి వెళ్ళేదానికి అందమెందుకు?" అని దాన్ని పక్కకు జరిపింది. తర్వాత కుర్చీలో ముందుకు జరిగి, నైట్ డ్యూటీలో డాక్టర్ని ఫోన్‌లో లేపేటప్పటి గొంతుతో అడిగింది: "వీటిలో, రేపు నేనే వచ్చి ఇమ్మన్నా నాకివ్వనిది ఏది?"

ముసలాయన ఇన్నేళ్ళ వ్యాపారంలో ఈ ప్రశ్న విని ఉండడు. భూతద్దం కిందికి దించి ఆమె వంక చూశాడు. "ఐఆర్ఏలో పెట్టడానికి వీటిలో చట్టం ఒప్పుకునేది ఈగిల్‌నే మేడమ్. మేపుల్ లీఫ్, క్రూగరాండ్ పనికిరావు, అవి మీ ఇంటికే తీసుకెళ్ళాలి. ఈగిల్ అయితే ట్రస్ట్ కంపెనీ దగ్గరే ఉంటుంది. యాభై తొమ్మిదిన్నర ఏళ్ళలోపు తీస్తే పన్నూ, జరిమానా తప్పవు."

"తాకట్టు పెట్టొచ్చా?"

"కుదరదు. పెడితే బయటికి తీసినట్టే లెక్క."

"అయితే అదే" అంది దేవకుమారి.

ఏసుపాదం చేతిలో మేపుల్ లీఫ్ అలాగే ఉండిపోయింది. ముసలాయన కాగితం మీద లెక్క వేసి, ముప్ఫై నాణేలు వస్తాయన్నాడు. దేవకుమారి ఉలిక్కిపడింది. యేసుప్రభువును శిష్యుడైన యూదా అమ్ముకున్నది ముప్ఫై నాణేలకే కదా! "ముప్ఫై వద్దు, ఇరవై తొమ్మిది చాలు. మిగతాది ఖాతాలో డబ్బుగా ఉండనీయండి" అంది. ముసలాయనకు ఆ బేరం తలాతోకా అర్థం కాలేదు, అయినా రాసుకున్నాడు.

పార్కింగ్ లాట్‌లో ఏసుపాదం కారు స్టార్ట్ చెయ్యలేదు. "నామీద నమ్మకం లేదా కుమారీ?" అన్నాడు. గొంతును బట్టే కళ్ళు తడిశాయని తెలుస్తోంది. ఆమె ఆ కళ్ళ వంక చూడలేదు. చూసిందా, ఇక అంతే సంగతులు.

"మీ మీద కాదండీ, నామీదే నాకు నమ్మకం లేదు" అంది, ఎదుటి అద్దంలోంచి బయటికి చూస్తూ. "మీరడిగితే ఇచ్చేస్తాను. నాకు తెలుసు, మీకూ తెలుసు."

"మరి నేనిచ్చిన మాట?"

"మాట మీది. డబ్బు నాది."

ఇంతవరకూ బాగానే ఉంది. ఆపై ఆదివారం ఆరాధనలో ఆనందబాబు మైకు ముందుకొచ్చి, "బ్రదర్ ఏసుపాదంగారి పదివేలు ఈ వారం అందుతాయని ప్రభువునందు నమ్ముతున్నాం" అన్నాడు. అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఏసుపాదం లేచాడు. లేదని చెబుతాడేమో అనుకుంది దేవకుమారి. ఆయనకూ రాదు కదా ఆ మాట! "ప్రభువు చిత్తమైతే వచ్చే నెల..." అంటూ మొదలుపెట్టాడు.

ఆమె లేచి నిలబడింది. ఆ చర్చిలో పాటకూ ప్రార్థనకూ తప్ప ఆడవాళ్ళు లేచింది లేదు.

"అందరికీ వందనాలు. ఆ డబ్బు నాది. ఈయన నన్నడక్కుండా మాటిచ్చారు. అడిగుంటే ఇచ్చేసేదాన్నే, ఇప్పటిదాకా అలాగే ఇచ్చాను. ఆనందబాబుగారూ, మీ ఇల్లు చల్లగా ఉండాలి. అందులో నా నాణేలు రెండున్నాయి, వాటిని నేను తిరిగి అడగను. కాని ఇది ఇవ్వను."

అని కూర్చుంది. ఆనందబాబు ముఖంలో నెత్తురు చుక్క లేదు. పాస్టరు అయ్యగారు గబగబా పాట ఎత్తుకున్నారు. దేవకుమారి పాడలేకపోయింది. కాని తల దించలేదు.

ఏసుపాదం వారం రోజులు ముభావంగా తిరిగాడు. వడ్డిస్తే తిన్నాడు, పిలిస్తే పలికాడు, అంతే. దేవకుమారి రోజూ వండింది, రోజూ వడ్డించింది, ఒక్క మెట్టు మాత్రం దిగలేదు. తర్వాతి శనివారం ఆయన పొద్దున్నే లేచి, తన ఆఫీస్ గోడౌన్‌లో ఓవర్‌టైమ్‌కి వెళ్ళాడు. మందుల కంపెనీలో కుర్చీ ఉద్యోగం చేసే మనిషి, శనివారాలు అక్కడ డ్రమ్ములు దొర్లించడం మొదలుపెట్టాడు. ఎందుకని ఆమె అడగలేదు. ఎండాకాలం పోయింది, ఆకులు రాలాయి, ఆయన శనివారాలు మానలేదు.

నవంబరులో థాంక్స్‌గివింగ్ పండుగకు ముందు ఆదివారం కానుకల సంచి వచ్చినప్పుడు జేబులోంచి కవరు తీసి అందులో వేశాడు. పదివేలు కాదు, పదకొండు వందలు. లేచి చెప్పలేదు, చప్పట్లూ లేవు.

ఇంటికొచ్చాక నడుం పట్టేసిందని బోర్లా పడుకున్నాడు. దేవకుమారి అమృతాంజనం రాస్తూ కూర్చుంది.

"కుమారీ, ఆ కవరు వేసేటప్పుడు చెయ్యి రాలేదే. వెనక్కి తీసేసుకుందామనిపించింది. ఇవ్వడం ఇంత కష్టమా?"

ఆమె చెయ్యి ఆగింది. "నాకు మా అమ్మ గొలుసు ఇచ్చినప్పటినుంచీ కష్టమేనండీ" అంది.

ఏసుపాదం దిండులోంచి ముఖం ఎత్తకుండానే అన్నాడు: "నాకు తెలియదే. ఒట్టు, నాకు తెలియదు."