షామీర్‌పేట మంగళవారాలు

నిన్న అల్వాల్ నుంచి షామీర్‌పేట వైపు బస్సులో వెళ్తుంటే, రోడ్డు పక్క ఒక మేడ మీద సోలార్ పలకలు ఎండకు తళతళలాడుతూ కనిపించాయి. పక్కసీటాయన మెచ్చుకోలుగా చూశాడు. నేను తల తిప్పేసుకున్నాను. అవి నేను అమ్మవలసినవి.

నలభై ఆరేళ్ళ వయసులో, పాత కంపెనీ మూతపడ్డాక, దొరికిన ఉద్యోగం అది. ఆరు నెలల్లో ఒక్క పెద్ద ఆర్డరు తెస్తే పర్మినెంటు, లేకపోతే ఇంటికి. మేడ్చల్, షామీర్‌పేట నా వాటా. క్రమశిక్షణలో నాకు వంక పెట్టడానికి లేదు: ఇస్త్రీ చొక్కా, పాలిష్ బూట్లు, రోజుకు పది గుమ్మాలు. ఎండైనా వానైనా తొమ్మిదితో సరిపెట్టింది లేదు. "పెళ్ళిచూపులకు వెళ్తున్నట్టు తయారవుతున్నారు. అప్పుడూ మీరు నోరు విప్పలేదు, అన్నీ మీ మేనమామే మాట్లాడారు," అని మా ఆవిడ నవ్వేది. నవ్వులాటకే అన్నా, నా జబ్బు ఆవిడకు తెలుసు.

ఆ మేడ ఒక పెద్దాయనది. భూములున్న కుటుంబం, వెనక కోళ్ళఫారం, కరెంటు బిల్లు వచ్చిందంటే ఇల్లంతా తిట్లు. ఆయన దగ్గరికి ప్రతి మంగళవారం పదింటికి వెళ్ళేవాణ్ణి. కుర్చీ వేయించేవాడు, చాయ్ వచ్చేది. ఆయన మోకాళ్ళ నొప్పి గురించి, గాలి తిరిగినప్పుడు జవహర్‌నగర్ చెత్తగుట్టల నుంచి వచ్చే కంపు గురించి మాట్లాడుకునేవాళ్ళం. కాగితాలు చూపించేవాణ్ణి, తలూపేవాడు, మళ్ళీ సంచిలో పెట్టేసుకునేవాణ్ణి. సంతకం పెట్టండి అన్న మాట గొంతు దాకా వచ్చి, చాయ్‌తో పాటు లోపలికి పోయేది. అడిగితే కాదంటాడేమో, కాదంటే ఈ కుర్చీ కూడా పోతుందేమో అని భయం. ఆ భయానికి మర్యాద అని పేరు పెట్టుకున్నాను.

గడువు ఇంకో వారం ఉందనగా వెళ్ళేసరికి, మేడ మీద ఎవరో ఇనుప చట్రాలు బిగిస్తున్నారు. పెద్దాయన ఎప్పటిలాగే కుర్చీ వేయించాడు.

"ఆర్నెల్ల సంది వస్తున్నవు సారూ, ఒక్కనాడన్న పెట్టించుకోమని అడిగినవా? మొన్న ఇంకో కంపెనీ ఆయన వచ్చి, సంతకం పెట్టుండ్రి అన్నడు, పెట్టిన. నువ్వడిగితే నీకే పెడుతుంటి."

కోపంగా అనలేదు. నిజంగానే బాధపడ్డాడు. చాయ్ తాగాను. ఆ తర్వాత, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, మిగిలిన తొమ్మిది గుమ్మాలూ ఎక్కాను. సాయంత్రం రిపోర్టులో పదికి పది టిక్కులు పెట్టాను. వారానికి ఉద్యోగం పోయింది. ఇంటికొచ్చి బూట్లు విప్పుతుంటే మా ఆవిడ నవ్వలేదు.

ఇప్పుడు సుచిత్ర సెంటర్ దగ్గర ఒక బట్టల దుకాణంలో కూర్చుంటున్నాను. అడిగేది కొనేవాళ్ళే, తీసి చూపిస్తే చాలు. కానీ ఆ ఆరు నెలల మంగళవారాలన్నీ వరసగా గుర్తున్నాయి. ఏ ఒక్కదాన్లోనైనా ఆ మాట అడగడానికి అర నిమిషం సరిపోయేది. ఆ అర నిమిషం ఇక ఏ వారంలోనూ దొరకదు.