ఇంగ్లండు పిల్లకు ఎర్రగడ్డ గొంతు

ఫిల్మ్ నగర్ డబ్బింగ్ థియేటర్లలో "న్యూట్రల్‌గా చెప్పమ్మా" అన్నారంటే, గోదావరి జిల్లాలో పుట్టినట్టు చెప్పమని. ఇది అర్థం కావడానికి నాకు ఏడాది పట్టింది. నేను పుట్టి పెరిగింది ఎర్రగడ్డలో. మా మాట మైకు ముందు అసలు పనికిరాదని కాదు. రౌడీ పెళ్లానికి, పనిమనిషికి, జనం నవ్వాల్సిన చోటికి పిలిచేవాళ్లు. మిగతా రోజుల్లో నాది గుంపులో గొంతు. భూకంపం వస్తే కేకలు వేసేదాన్ని, పెళ్లయితే కిలకిలలాడేదాన్ని. మా అమ్మ లెక్కలో నేను గుంపులో గోవిందయ్యను.

రెండేళ్ల కిందట ఒక బ్రిటిష్ సినిమా తెలుగు చేయడానికి వచ్చింది. ఇంగ్లండు ఉత్తరాన, చేపల ఫ్యాక్టరీ మూతబడిన రేవు ఊళ్లో, పదహారేళ్ల పిల్ల కథ. నటన నేర్పే లండన్ కాలేజీలో సీటు కోసం వెళుతుంది. నోరు విప్పగానే అక్కడి పిల్లలు దాని యాసకు నవ్వుతారు. ఇంటికొచ్చి, ఇక మీలా మాట్లాడనని తల్లితో పోట్లాడుతుంది. ఆ నవ్వే లండన్ పిల్లల్లో ఒకదానికి నన్ను పిలిచారు.

మాటలు రాసింది భీమవరం ఆవిడ, యాభై దాటిన మనిషి. అందరికీ ఒకే తెలుగు రాశారు. మేం నలుగురం మైకు చుట్టూ నిలబడి ఎంత నవ్వినా అతకడం లేదు.

"ఏంటర్రా, నవ్వుతున్నారా ఏడుస్తున్నారా?" అన్నారావిడ అద్దం అవతల నుంచి.

నాకు ఒళ్లు మండింది. "ఏం జూసి నవ్వాలె మేడం? గా పిల్ల గూడ మీ లెక్కనే మాట్లాడుతుంది. నా లెక్క మాట్లాడిపియ్యుండ్రి, అప్పుడు అందరు నవ్వుతరు."

ఇక నా పని అయిపోయిందనుకున్నాను. ఆవిడ తలుపు తీసుకుని లోపలికొచ్చి, "ఆ పిల్లకి నువ్వు చెప్తావా?" అని అడిగారు. డబ్బింగ్ డైరెక్టర్‌కు ఇష్టం లేదు. యాస పెడితే కామెడీ అనుకుంటారండీ, అన్నాడు. తల్లీకూతుళ్ల పోట్లాట సీను ఒక్కటి చేసి చూపిస్తాం, నవ్వొస్తే తీసేద్దురుగాని, అని ఆవిడ ఒప్పించారు. నా పాత్ర ఆ ఒక్క సీను మీద నిలబడింది.

"మీ మాట నాకు రాయడం రాదమ్మాయ్. మీ ఇంటికొస్తాను. మీ అమ్మా నువ్వూ ఎలా పోట్లాడుకుంటారో వినాలి," అన్నారు.

మా అమ్మను మించిన నోరు ఎర్రగడ్డ మార్కెట్‌లోనే లేదని నేను ధైర్యంగా ఉన్నాను. తీరా ఆవిడ వచ్చేసరికి అమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, "కూర్చోండి అండీ, భోంచెయ్యండి అండీ" అంటూ టీవీ యాంకర్‌లా తయారైంది. బగారన్నం, కోడికూర వడ్డించింది. కూరలో ఉప్పెక్కువైందని కావాలని అన్నాను. "అవునమ్మా, పొరపాటైంది," అంది. మామూలు రోజైతే గంటె ఎగిరేది. నా పాత్ర నా కళ్లముందే చేజారిపోతోంది.

ఆవిడ చేయి కడుక్కుని, చెప్పులు వేసుకున్నారు. గుమ్మం దగ్గర అమ్మ ఉండబట్టలేకపోయింది. "మేడం, దీనికి ఏదన్న ఆఫీసుల నౌకరి జూడుండ్రి. గుంపుల ఒర్లుకుంట ఎన్నేండ్లుంటది?"

"నా గొంతు నా ఇష్టం. నీకేంది?" అన్నాను.

"నీ గొంతు నేనిచ్చిందే గదనే! గా గొంతు ఇంట్ల ఇడిసిపెట్టి, పరాయోళ్ల గొంతు పెట్టుకోని పోతున్నవు. గందుకే నా కడుపు మండుతుంది."

అమ్మ కోపం నౌకరీ గురించి కాదని నాకు అప్పుడే తెలిసింది. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే మాటకు మాట అన్నాను, అమ్మ కూడా ఏమాత్రం తగ్గలేదు. రచయిత్రి చెప్పులు విడిచి, మళ్లీ లోపలికొచ్చి కూర్చున్నారు. "కొంచెం కూర ఉంటే వెయ్యండి," అన్నారు.

ఆ సీను చేసిన రోజు థియేటర్‌లో ఎవరూ నవ్వలేదు. డైరెక్టర్ కళ్లద్దాలు తుడుచుకుని, మిగతాది కూడా ఇలాగే కానిచ్చేయమన్నాడు. ఆవిడ ఆ పిల్లకీ, తల్లికీ తాను రాసిందంతా పక్కన పెట్టి మళ్లీ మొదటి నుంచి రాశారు. ప్రతి పేజీ నాతో చదివించుకున్నారు, నాకు నోరు తిరగని చోటల్లా కొట్టేశారు. అంత పెద్దావిడకు ఆ అవసరం లేదు. ఇవాళ నేను నా గొంతుతోనే బతుకుతున్నానంటే ఆవిడ చలవే. ఎదురుపడినప్పుడల్లా ఆ మాట చెప్తాను, చాల్లేవమ్మా అంటారు.

సినిమా వచ్చాక ఇంట్లో టీవీలో పెట్టాను. అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ చూస్తోంది. రేవు గోడ పక్కన నిలబడి ఆ తెల్లతల్లి కూతురితో, "నీ గొంతు నేనిచ్చిందే గదనే" అంది. అమ్మ చేయి ఆగిపోయింది.

"గది నా మాట గద?"

"నీదే."

"అడగకుంటనే తీస్కపోయింది మేడం."

కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తెర మీద ఆ తల్లి చెప్పాల్సిందంతా చెప్పేదాకా చూసింది.

"మల్ల రమ్మను బిడ్డా," అంది. "ఇంకా మస్తు ఉన్నయి."