వంటింటి కెమెరా, శ్రావణమాసపు ఇలిష్

మీ ఇంట్లో వైఫై కెమెరా ఉంటే, ఇది చదివేముందు దాని మొహం గోడవైపు తిప్పిరండి. నేను చెప్పబోయేది ఒక్క చేప వల్ల రెండు రాష్ట్రాల్లో నా పరువు పోయిన ముచ్చట.

అప్పటికి నాకు పెళ్ళయి రెండేళ్ళు. కలకత్తా న్యూ టౌన్‌లో ఫ్లాటు, సెక్టర్ ఫైవ్‌లో కంప్యూటర్ ఉద్యోగం, వైఫైని కనిపెట్టింది నేనేనన్నంత ధీమా. శ్రావణమాసం రాగానే మా ఆవిడ సుజాత వరలక్ష్మీ వ్రతానికని విజయనగరం పుట్టింటికి వెళ్ళింది. అక్కణ్ణించి మా అత్తగారు ఫోన్ చేశారు.

"ఈ నెల్లాళ్ళూ నీసు ముట్టకుండా ఉండగలరా బాబూ?"

"అలా అడుగుతారేటి అత్తయ్యా? వాసన కూడా చూడను!"

ఆవిడ మురిసిపోయి, "మా అల్లుడు కలకత్తాలో ఉండి కూడా చేప ముట్టడు" అని వీధంతా చెప్పుకున్నారట. కలకత్తాలో వానాకాలమంటే ఇలిష్ కాలమనీ, ఇలిష్ అంటే మన పులసేననీ ఆవిడకి ఎవరు చెప్పాలి? నేనైతే చెప్పలేదు.

గ్యాస్ కట్టడం మరిచిపోవడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. అందుకే సుజాత వెళ్ళేముందు వంటింట్లో కెమెరా పెట్టించి, తన ఫోన్‌లో చూసుకునే ఏర్పాటు చేయించుకుంది. పై ఫ్లాట్లో ఉండే బిశ్వాస్ కాకు, అంటే మా బెంగాలీ బాబాయ్, దాన్ని చూసి ముచ్చటపడ్డాడు.

"అదెలా పనిచేస్తుందో నా ఫోన్‌లో చూపించవోయ్, నేనూ కొంటాను."

చూపించడానికి ఆయన ఫోన్‌లో నా ఖాతానే తెరిచాను. ఆయనింట్లో నెట్ నత్తనడక నడుస్తోందని మా వైఫై కూడా ఇచ్చేశాను. దాని పాస్‌వర్డ్ ఏమిటంటారా? ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు, అదీ వరసలో. పైగా, "లోకం మంచిది కాదు కాకూ, పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకండి" అని ఉపన్యాసం దంచి, ఆయన భార్య కాకీమా ఇచ్చిన టీ తాగి, నా ఖాతాని ఆయన ఫోన్‌లోనే వదిలేసి దిగొచ్చాను. చెప్పేవి శ్రీరంగనీతులు, పెట్టేవి ఒకటీ రెండూ మూడూ నాలుగూ!

వానపడుతున్న ఒక ఆదివారం కూరగాయలకని బజారుకెళ్ళాను. చేపలవాడు వెండిపళ్ళెంలా మెరుస్తున్న ఇలిష్‌ని ఎత్తి చూపించి, "దాదా, ఏక్‌దమ్ టాట్కా!" అన్నాడు. తాజాదన్నమాట. నా వ్రతం అక్కడే సమాప్తం.

ఇంటికొచ్చి ముందు తెలివైన పనొకటి చేశాను. కెమెరా చూసేవాళ్ళ జాబితాలోంచి సుజాత ఫోన్ తీసేసి, "కెమెరా పాడైందోయ్" అని ఆమెకి కబురు పెట్టాను. తర్వాత నా ఫోన్‌ని పడగ్గదిలో చార్జింగుకి పెట్టి, చింతపండు పిసికి పులుసు మొదలెట్టాను.

పులుసు కుతకుతమంటుండగా హాల్లో వైఫై ప్రింటర్ దానంతటదే గుర్రుమంది. ఒక కాగితం కక్కింది. ఇంగ్లీషు అక్షరాల్లో బెంగాలీ: "చింతపండు వద్దు! వద్దు!"

చుట్టూ చూశాను. ఎవరూ లేరు. మళ్ళీ గుర్రు. రెండో కాగితం: "మంట తగ్గించు. పాపం, ఇలిష్!"

ఇంత చదువుకున్నవాణ్ణి, నాకు ముందు తట్టింది వరలక్ష్మీ అమ్మవారు. అమ్మవారికి బెంగాలీ ఎప్పుడొచ్చిందన్న అనుమానమైనా రాలేదు. వంటింట్లోకి పరుగెత్తి, చెవులు పట్టుకుని, "తప్పయిపోయింది తల్లీ" అంటూ గుంజీలు తియ్యడం మొదలెట్టాను. ఆయాసం వచ్చేసరికి హాల్లో మూడోసారి గుర్రు.

"గుంజీలు తర్వాత. ముందు గ్యాస్ కట్టు. మాడుతోంది."

అప్పుడు తలెత్తి కెమెరా వైపు చూశాను. అదీ నన్నే చూస్తోంది. గ్యాస్ కట్టి, పడగ్గదిలోకెళ్ళి ఫోన్ తీసి కాకుకి చేశాను.

"కాకూ! మా వంటిల్లు మీకు కనిపిస్తోందా?"

"నువ్వే కదా చూపించావు! ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తవేం? నీ ప్రింటర్ కూడా నా ఫోన్‌లో కనబడితే అందులో కొట్టాను. ఇలిష్‌కి మేం ఆవాలే వేస్తాం. మీ కాకీమాకైతే ఆ చింతపండు చూసి కళ్ళనీళ్ళొచ్చాయి."

"పోనీలెండి, ఇంకెవరూ చూడలేదుగా?"

"ఎవరూ చూడలేదు. నీకు కాస్త వంట నేర్పమని, కాకీమా ఆ వీడియో సుజాతకి పంపింది. అంతే."

నా చేతిలోనే ఫోన్ మోగింది. వీడియో కాల్. తెరమీద సుజాత, పక్కనే అత్తగారు.

"ఏటండీ, కెమెరా పాడైపోయిందన్నారు?" అంది సుజాత, మెల్లగా. ఆ మెల్లదనానికి నాకు నిజంగా సిగ్గేసింది. చేప తిందామనుకున్నందుకు కాదు, ఆమెతో అబద్ధమాడినందుకు.

"అత్తయ్యా, క్షమించండి" అన్నాను. ఆవిడ ఫోన్ తన చేతిలోకి లాక్కున్నారు.

"నీసు వండీసేరు, సరే. అబద్ధమాడీసేరు, సరే. ఆ గుంజీలు చూసి అమ్మోరు ఒగ్గీసినా ఒగ్గీగలదు. గానీ బంగారంలాటి పులసనలా మాడ్చీసేరేటి బాబూ? దానికి నాను మాత్రం ఒగ్గను!"

ఆ సాయంత్రానికి వీడియో వాళ్ళ వీధంతా తిరిగొచ్చిందని తర్వాత తెలిసింది. నయం, చూసింది కాకు గనక వంట నేర్పాడు. దొంగవెధవ ఎవడైనా చూసుంటే ఇంట్లో నేనెప్పుడుండనో నేర్చుకునేవాడు.

అందుకే కాళీఘాట్ అమ్మ సాక్షిగా ఒట్టేసి చెబుతున్నాను. ఇకమీదట ఇంట్లోకి ఏ కొత్త పరికరం వచ్చినా, ముందు పాస్‌వర్డ్ మారుస్తాను. ఆ తర్వాతే పాపం చేస్తాను.