రిజిస్టర్ కాని ఇంజన్

మా మామగారు మధురానగర్ మలుపులో మిర్చి బజ్జీల బండిని గుద్దేశారు. బండి నిలబడే ఉంది, నడుస్తున్నది ఆయనే. అయినా తప్పు బండిదేనని తేల్చేశారు. "లైనుకి అడ్డంగా పెట్టాడు. లైటు లేదు, జెండా లేదు. మా రైల్వేలో అయితే ఈపాటికి వాణ్ణి సస్పెండ్ చేసేవాళ్ళు" అంటూ మోచేతికి అంటిన శనగపిండి తుడుచుకుని ఇంట్లోకి వచ్చారు. అంతకు ముందు వారం మెట్రో స్తంభం. ఆ ముందు వారం మా వాచ్‌మన్ భార్య ఆరబెట్టుకున్న వడియాలు. వాటన్నిటిదీ తప్పే.

ఆయన గుంటూరు – నంద్యాల లైన్లో గూడ్సు బండ్లు తోలిన డీజిల్ డ్రైవరు. రిటైర్మెంటు ఇంకా రెండేళ్ళుందనగా రైల్వే కంటి డాక్టరు పక్కచూపు తగ్గిందని రాసి, ఆయన్ని ఇంజన్ మీంచి దించి ఆఫీసులో కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు. "డ్రైవరన్నవాడు ఎదురుగా చూడాలి గానీ పక్కకి చూస్తే ఏం లాభం? ఆ డాక్టరుకే కళ్ళజోడు మార్చాలి" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. కేబుల్ డబ్బుల కోసం వచ్చినవాడు సైతం ఆ కథ విని వెళ్ళాల్సిందే.

మా కాలనీలో కంటి శిబిరం పెట్టినప్పుడు మా ఆవిడ బతిమాలి ఆయన్ని తీసుకెళ్ళింది. అక్కడి డాక్టరమ్మ చూసి, కంటి నరం దెబ్బతింటోందనీ, పోయిన చూపు ఎలాగూ రాదనీ, ఉన్నది నిలబడాలంటే వెంటనే పంజాగుట్టలో పెద్ద డాక్టరుకి చూపించమనీ చెప్పింది. మామగారు ఆమెకి నమస్కారం పెట్టి లేచి వచ్చేశారు. పంజాగుట్ట వెళ్ళడమంటే ఆ రైల్వే డాక్టరు రాసింది నిజమేనని ఒప్పుకోవడం. ఆయన ఒప్పుకోరు. మా ఆవిడ ఏడ్చింది, అలిగింది, ఒక పూట అన్నం కూడా మానేసింది. ఆయన ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిని, "పులుసు బాగా కుదిరింది" అన్నారు.

ఇక నా సంగతి. నేను అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పాఠం చెబుతాను. ఇంటికొచ్చాక కంప్యూటర్లో రైలు తోలుకుంటాను. ఇదొక ఆట. ఇంజన్ క్యాబిన్, పట్టాలు, సిగ్నళ్ళు, స్టేషన్లు అన్నీ తెర మీద ఉంటాయి, నిజం బండిలాగే వేగం పెంచుకుంటూ బ్రేకు వేసుకుంటూ పోవాలి. నలభై ఆరేళ్ళవాణ్ణి, పిల్లలాటలేంటని మా ఆవిడ మొదట్లో తిట్టేది. తర్వాత ఎర్రగడ్డ పిచ్చాసుపత్రిలో చేర్పిస్తానంది. ఆ తర్వాత వదిలేసింది. మామగారికైతే ఆ ఆటంటే పరమ చులకన. ఫారిన్ ఎలక్ట్రిక్ ఇంజన్ చప్పుడు విని, "మిక్సీలో కొబ్బరి పచ్చడి వేస్తున్నారా అల్లుడుగారూ?" అనేవారు.

అలాంటి మనిషి ఒకరోజు, మా ఆవిడ పోరు పడలేక, తనే పందెం వేశారు. "నా ఇంజన్, నా లైను ఆ పెట్టెలోకి తెప్పించండి. వినుకొండ నించి మార్కాపురం దాకా తోలి చూపిస్తాను. వచ్చిన ప్రతి సిగ్నలూ పేరు పెట్టి చెబుతాను. ఒక్కటి తప్పినా నోరు మూసుకుని పంజాగుట్ట వస్తాను. తప్పకపోతే మాత్రం ఈ ఇంట్లో కన్ను అనే మాట వినపడకూడదు."

మా ఆవిడ నా వైపు తిరిగింది. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో నా వల్ల ఒక ఉపయోగం ఉండవచ్చని ఆమెకి తోచిన మొదటి క్షణం అది.

వెతికితే ఆ లైనూ ఆ డీజిల్ ఇంజనూ నిజంగానే దొరికాయి. రైలు పిచ్చి ఉన్న ఎవరో మహానుభావుడు ఎప్పుడో తయారుచేసి అందరికీ ఉచితంగా పెట్టాడు. చిక్కేమిటంటే, అవి ఒక పాత ఆట కోసం చేసినవి. ఆ పాత ఆట ఇప్పటి కంప్యూటర్లలో తెరుచుకోదు. నా ఆటలోకి రావాలంటే వాటిని మార్చాలి. అలా మార్చే సాఫ్ట్‌వేరు ఒకటుంది, దాన్ని ఏదో దేశంలో ఒకే ఒక్క మనిషి తయారుచేసి అమ్ముతున్నాడు. మీటర్ గేజ్ బండిని బ్రాడ్ గేజ్ మీదికి ఎక్కించడం లాంటిదని మామగారికి చెప్పాను. "అయితే చక్రాలు మార్చాలి. నెల పడుతుంది" అన్నారు. నేను నవ్వాను. రెండు నెలలు పట్టింది.

మొదట ఉచితంగా వాడి చూశాను. ఇంజన్ వచ్చింది. కానీ క్యాబిన్ అద్దం మీద ఆ చివర నించి ఈ చివర దాకా 'ఈ ఇంజన్ రిజిస్టర్ కాలేదు' అని ఇంగ్లీషులో ఎర్రటి అక్షరాలు. మామగారు ముక్కు తెరకి ఆనించి చదివారు. "రిజిస్ట్రేషన్ లేని ఇంజన్‌ని షెడ్డు దాటనివ్వరు" అని లేచిపోయారు. మా ఆవిడ నన్ను వంటింట్లోకి లాగింది. "ఆ అక్షరాలు తీయించండి. లేకపోతే రేపు సిగ్నల్ తప్పినా, బోర్డు అడ్డమొచ్చిందంటారు మా నాన్న. ఆయన సంగతి మీకు తెలీదు." నాకు బాగా తెలుసు.

సరే, కొన్నాను. తాళంచెవి లాంటి పొడుగాటి నంబరు ఒకటి వచ్చింది. దాన్ని కొడితే నా కంప్యూటర్ ఆనవాలు చూసుకుని రిజిస్టర్ అవుతుంది, కంప్యూటర్ మారితే మళ్ళీ కొట్టుకోవాలి, మొత్తం మీద మూడుసార్లే చెల్లుతుంది. మూడు చాలదా అనుకున్నాను. అమీర్‌పేటలో నేను కంప్యూటర్ ఇచ్చే రిపేర్ షాపతన్ని లెక్కలోకి తీసుకోలేదు.

అతను మంచివాడు. కాకపోతే ఏ రోగానికైనా అతని దగ్గర ఒకటే మందు. లైను మారుస్తుండగా నా కంప్యూటర్ బిగుసుకుపోతే తీసుకెళ్ళాను. సాయంత్రం వెళ్ళేసరికి, "పూరా వైరస్ పట్టింది అన్నా. ఫార్మాట్ కొట్టిన. సూడు, గిప్పుడు మస్తు ఫాస్ట్ ఉన్నది" అన్నాడు. కంప్యూటర్ని మొత్తం తుడిచేశాడన్నమాట. రెండోసారి రిజిస్టర్ చేశాను. వారం తిరక్కుండా మళ్ళీ ఆగింది. ఈసారి చేతులు జోడించి, ఫార్మాట్ మాత్రం కొట్టొద్దని చెప్పి ఇచ్చాను. "అయ్యో, కొట్టలే అన్నా. హార్డ్ డిస్కే కొత్తది ఏసిన" అన్నాడు. మూడోది అయిపోయింది. ఇంకోసారి మదర్‌బోర్డు మార్చి, నా మీద అభిమానంతో ఊరికే ఫార్మాట్ కూడా కొట్టిచ్చాడు. ఇంటికొచ్చి నంబరు కొడితే, మీ అవకాశాలు ముగిశాయి అని వచ్చింది. మళ్ళీ అద్దం మీద ఎర్ర అక్షరాలు. రోజూ అరవైమందికి సాఫ్ట్‌వేర్ నేర్పే నేను తలపట్టుకుని కూర్చున్నాను.

మామగారు నాతో షాపుకి వచ్చారు, ఆ కంప్యూటర్ వైద్యుణ్ణి కళ్ళారా చూడాలని. నేను గట్టిగా అడిగేసరికి అతను జాలిగా చూశాడు. "గింత దానికి ఫికరెందుకు అన్నా? క్రాక్ ఉన్నది నా తాన. రెండు నిమిషాల పని, రిజిస్ట్రేషన్ సుత అడగది."

"క్రాకంటే ఏంటి బాబూ?" అన్నారు మామగారు.

"అంటే... దొంగ తాళం లెక్క, సార్."

"ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసు. ఒక్క మెమో లేదు నాకు. దొంగ తాళంతో ఇంజన్ తీయమంటావా?" అని అక్కణ్ణించి కదిలారు. కోపంలో గుమ్మం పక్కనున్న ప్రింటర్ని తన్నుకుని, దాన్ని కూడా తిట్టి వచ్చారు.

ఆ సాఫ్ట్‌వేర్ చేసినాయనకి నేను అప్పటికే నాలుగు మెయిళ్ళు పెట్టాను. నాలుగింటికీ ఒకటే జవాబు వచ్చింది, నియమాలు చదువుకొమ్మని, అదీ మనిషి రాసింది కాదు. మామగారు వాటిని నాచేత చదివించుకున్నారు. "ఇది ఉత్తరం కాదు అల్లుడుగారూ, గొడవ. ఇలా రాస్తే క్వార్టర్స్‌లో పంపు కూడా బాగుచేయరు. నేను చెబుతాను, రాసుకోండి" అని పడక్కుర్చీలో వెనక్కి వాలి మొదలుపెట్టారు.

"రెస్పెక్టెడ్ సర్. విత్ డ్యూ రెస్పెక్ట్ అండ్ హంబుల్ సబ్మిషన్, ఐ బెగ్ టు స్టేట్ ద ఫాలోయింగ్ ఫ్యూ లైన్స్ ఫర్ యువర్ కైండ్ కన్సిడరేషన్ అండ్ ఫేవరబుల్ ఆర్డర్స్..."

ఉత్తరం రెండు పేజీలు వచ్చింది. అందులో ఆయన సర్వీసు ఉంది, ఏ షెడ్డులో ఏ ఇంజన్ తోలారో ఉంది, అల్లుడికి అనుభవం చాలక మూడు అవకాశాలు వృథా చేశాడని నా మీద ఫిర్యాదు ఉంది. ఎన్‌క్లోజర్స్‌గా ఆయన పెన్షన్ పుస్తకం మొదటి పేజీ, రిపేర్ షాపు బిల్లు. పై అధికారి ద్వారా వెళ్ళే అర్జీలాగా, పైన 'త్రూ ప్రాపర్ ఛానల్' అని రాయించారు. ఆ ఛానల్ నేనేనట. సిగ్గుతో చచ్చిపోతూ పంపాను.

మర్నాటికల్లా కొత్త నంబరు వచ్చింది. కింద ఆ దొరగారు స్వయంగా రాశారు. మీ మామగారిని అడిగానని చెప్పండి, ఇంతకీ త్రూ ప్రాపర్ ఛానల్ అంటే ఏమిటి? అని. మామగారు ఆ మాట పట్టించుకోలేదు. "ఆర్డర్స్ వచ్చాయి కదా" అన్నారు.

ఈసారి లైనూ ఇంజనూ రెండూ వచ్చాయి, అద్దం మీద ఒక్క అక్షరం లేకుండా. మార్పిడిలో కొన్ని వికారాలు కూడా వచ్చాయి. గేదెలు నేలకి బారెడు ఎత్తున గాల్లో మేస్తున్నాయి. కురిచేడు స్టేషనుకి పైకప్పు తలకిందులైంది. సిగ్నళ్ళన్నీ గ్రీన్లోనే ఇరుక్కుపోయాయి. కానీ ఆయన ఇంజన్ మాత్రం అచ్చంగా ఆయన ఇంజనే. చప్పుడు వినగానే పత్రిక పక్కన పెట్టి లేచి నిలబడ్డారు.

ఆదివారం పొద్దున తలస్నానం చేసి, ప్యాంటు, చొక్కా, బూట్లు వేసుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ఏ మీట దేనికో నేను చూపిస్తే ఒక్కసారి తడిమి గుర్తుపెట్టుకున్నారు. అయినా బండి కదలదు. గార్డు జెండా ఊపలేదట. మా ఆవిడ విసుక్కుంటూ పచ్చ జాకెట్టు గుడ్డ తెచ్చి ఊపింది. అప్పుడు హారన్ కొట్టారు. మా కింది వాటావాళ్ళు బాల్కనీలోకి వచ్చి చూశారు.

ఇరవై ఏళ్ళుగా నన్ను 'మీరు' అని తప్ప పిలవని మనిషి, బండి కదలగానే, "ఏయ్, పక్కన నిలబడు. బయటికి చూడు" అన్నారు. అసిస్టెంటు డ్రైవరులా నిలబడ్డాను.

"స్టార్టర్, గ్రీన్!"

స్టేషన్ వదిలేటప్పటి సిగ్నల్ అది. సరిగ్గా ఉంది.

"అడ్వాన్స్ స్టార్టర్, గ్రీన్!"

నాకింకా స్తంభమే కనపడలేదు. కాసేపటికి కనపడింది, పచ్చగా. గుండ్లకమ్మ వంతెన దాటాం. "డిస్టెంట్, గ్రీన్! హోమ్, గ్రీన్!" వచ్చే స్టేషన్‌కి దూరంగా ఒకటి, గుమ్మంలో ఒకటి, ఒక్కొక్కటీ నాకంటే ముందే చెబుతున్నారు. నాకు మతిపోయింది. ఈ కళ్ళని అనుమానించామా అని సిగ్గేసింది. గాల్లో మేసే గేదెల గురించీ, కురిచేడు కప్పు గురించీ ఆయన ఒక్క మాట అనలేదు. నా కష్టం చూసి మర్యాదకి ఊరుకున్నారనుకున్నాను. వెనక నిలబడ్డ మా ఆవిడ మొహం పాలిపోయింది. పందెం పోయినట్టేనని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

దొనకొండ దగ్గరపడింది.

"డిస్టెంట్, గ్రీన్!" ఉంది.

"హోమ్, గ్రీన్!"

నేను చూశాను. లెవెల్ క్రాసింగ్ వెళ్ళిపోయింది, వేపచెట్టు వెళ్ళిపోయింది, గాల్లో ఒక గేదె వెళ్ళిపోయింది. స్తంభం రాలేదు. ప్లాట్‌ఫాం వచ్చేసింది. మార్పిడిలో ఆ సిగ్నల్ ఎక్కడో రాలిపోయింది, నేను గమనించుకోలేదు.

అప్పుడు అర్థమైంది నాకు. జవాబులన్నీ కంఠతా వచ్చిన మనిషికి నేను పరీక్ష పెట్టాను. పందెం ప్రకారం ఆయన ఒక్కటీ తప్పలేదు. ఒకటి ఎక్కువే చెప్పారు. నేను నోరు మెదపకపోతే గెలుపు ఆయనదే. ఆ మొహంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. తర్వాతి సిగ్నల్ దాకా ఆగుదామనుకున్నాను. ఆగలేకపోయాను.

"మామయ్యగారూ, దొనకొండకి హోమ్ సిగ్నల్ లేదు."

"ఎందుకు లేదు? గేటు దాటాక, వేపచెట్టు పక్కన, ఎడమ చేతికి."

"అక్కడ ఉంటుందండీ. ఇందులోకి రాలేదు."

ఆయన చెయ్యి బ్రేకు మీదికి వెళ్ళింది. బండి కుదుపు లేకుండా ఆగింది.

"మిగతావి?"

"అవన్నీ ఉన్నాయండీ."

"నాకు అవీ కనపడలేదు" అన్నారు. గొంతులో కోపం లేదు. "నన్ను దించిన సంవత్సరం కూడా ఇలాగే తోలాను. ఎవరికీ చెప్పలేదు. వెనకాల నలభై వ్యాగన్లు. ఆఖరి పెట్టెలో గార్డు. వాడికి ఇద్దరు ఆడపిల్లలు."

ఆయన చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది.

"అమ్మాయ్" అని పిలిచారు. మా ఆవిడ గరిటెతో సహా వచ్చి నిలబడింది. "ఆ పంజాగుట్ట డాక్టరు రేపు ఎన్నింటికి కూర్చుంటాడు?"

"పదింటికి నాన్నా" అంది, ఏమీ అర్థం కాక నా వైపు చూస్తూ.

"అయితే తొమ్మిదిన్నరకి బయల్దేరదాం." నా చెయ్యి వదల్లేదు ఆయన. "రోడ్డు దాటేటప్పుడు మీరు చెప్పండి అల్లుడుగారూ. నేను వింటాను."