"తాళం నేనే ఏసిన" అన్న మా గోల్‌కీపర్ యూసుఫ్ భాయ్

నిన్న పొద్దున కథలాపూర్ పెట్రోల్ బంకులో ఉండగా యూసుఫ్ భాయ్ తమ్ముడు సలీం ఫోన్ చేశాడు. "అన్న పోయిండు" అన్నాడు.

ఎటు పోయాడని అడిగాను.

నిజంగానే అలా అడిగాను. సలీం ఏడ్చాడు. అప్పుడు అర్థమైంది.

షాపు షటర్ ఎత్తుతూ ఎత్తుతూనే కూలిపోయాడట. హాస్పిటల్‌కు తీసుకెళ్లే టైమ్ కూడా ఇవ్వలేదు.

కోరుట్లలో మోటార్ వైండింగ్ షాపు యూసుఫ్‌గా మీలో చాలామందికి తెలుసు. కాలిపోయిన మోటారు తెచ్చిన రైతును ముందు ఫ్యాన్ కింద కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చేవాడు. నాకు మాత్రం ఆయన మా కోరుట్ల టీమ్ గోల్‌కీపర్.

నేను ఆటగాణ్ణి కాదు. ప్రతి మ్యాచ్‌లో గోల్ పోస్ట్ వెనకాల నిలబడి గొంతు చించుకునేవాణ్ణి. "నువ్వు మొత్తుకుంట ఉండు తమ్మీ, నాకు ధైర్నం" అనేవాడు.

ఇన్నేళ్లు చెప్పని సంగతి ఒకటి ఈ పోస్ట్‌లో చెప్పాలి.

తెలంగాణ ఉద్యమం జోరు మీద ఉన్న రోజులు. కాలేజీలు బంద్. ఒకరోజు రాస్తారోకో, ఒకరోజు వంటావార్పు. మధ్యలో దొరికిన రోజుల్లో జగిత్యాలలో ఫుట్‌బాల్ టోర్నమెంట్ పెట్టుకున్నాం. ఫైనల్ కోరుట్లకూ సిరిసిల్లకూ. సిరిసిల్ల నేత కార్మికులు సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆపేసి ఆటోల్లో, లారీల్లో వచ్చారు. అంత జనాన్ని ఆ గ్రౌండ్ ఎన్నడూ చూడలేదు.

చుట్టూ గోడ, రెండు గేట్లు. ముందురోజు కొందరు బండ్లు గ్రౌండ్‌లోకి తోలారని వెనక గేటుకు తాళం వేయాలని టోర్నమెంట్ కమిటీ వాళ్లమంతా కలిసి అనుకున్నాం. వేసింది యూసుఫ్ భాయ్.

సెకండ్ హాఫ్‌లో నేను గోడ ఎక్కి కూర్చున్నాను. రోడ్డు మీద పోలీస్ జీపు కనిపించింది. అంతకు ముందు వారమే రాస్తారోకోలో లాఠీ దెబ్బలు తిన్న ఒళ్లు నాది. ఆలోచించలేదు. "పోలీసులచ్చిన్రు, ఉరుకుండ్రి" అని అరిచాను.

జీపు ఆగకుండా దాని దారిన అది వెళ్లిపోయింది.

జనం ఆగలేదు. రోడ్డు వైపు గేటు వదిలేసి అందరూ వెనక గేటు మీద పడ్డారు.

యూసుఫ్ భాయ్ గోల్ వదిలి పరుగెత్తాడు. తాళంచెవి పోస్ట్ పక్కన ఆయన సంచిలోనే ఉంది. గ్లౌజులతో అది చేతికి చిక్కలేదు. పళ్లతో గ్లౌజులు లాగిపారేసి, గోడ దూకి, బయటి నుంచి తాళం తీశాడు.

కింద పడ్డవాళ్లు ఒక్కొక్కరే లేచారు. రాజేశం అన్న లేవలేదు. సిరిసిల్లలో సాంచాలు నడిపే మనిషి. ఆట చూద్దామని వచ్చాడు, అంతే.

మూడో రోజు జగిత్యాలలో ఒక చాయ్ హోటల్లో రెండు ఊర్ల ఫ్యాన్స్ కూర్చున్నాం, తప్పెవరిదో తేల్చుకుందామని. తాళం వేసిన కోరుట్ల వాళ్లదే అన్నారు సిరిసిల్ల వాళ్లు. మీలో మీరే తోసుకున్నారు అన్నారు మావాళ్లు. పోలీసులదని ఒకరు, గ్రౌండ్ ఇచ్చినవాళ్లదని ఇంకొకరు. చివరికి సిరిసిల్ల కెప్టెన్, మొదట అరిచింది ఎవడో బయటపడాలన్నాడు.

నా చేతిలో చాయ్ చల్లారిపోయింది.

యూసుఫ్ భాయ్ నా వైపు చూడలేదు. లేచి నిలబడ్డాడు.

"తాళం నేనే ఏసిన. చెవి నా తాన్నే ఉండె. ఇగ ఎవ్వల్ని దేవులాడకుండ్రి."

వాదన అక్కడితో ఆగిపోయింది. ఆయనకు తాళం యూసుఫ్ అని పేరు పడింది. మళ్లీ ఎన్నడూ గోల్‌లో నిలబడలేదు.

కానీ నెలకోసారి సిరిసిల్లకు వెళ్లేవాడు, రాజేశం అన్న భార్య పద్మక్క దగ్గరికి. మొదట్లో ఆమె తలుపు తీయలేదు. బయట కాసేపు కూర్చుని వచ్చేసేవాడు. ఒకసారి ఆమె ఇంట్లో సాంచ మోటారు కాలిపోయింది. అడగకుండానే విప్పి, భుజానికెత్తుకుని బస్సులో కోరుట్లకు తెచ్చి, బాగుచేసి మళ్లీ బిగించి వచ్చాడు. ఆ రోజు ఆమె చాయ్ పెట్టిందట. ఆ ముక్క నాకు ఎంత సంతోషంగా చెప్పాడో.

రాష్ట్రం వచ్చాక ఒకరోజు షాపులో ధైర్యం చేశాను. ఆ రోజు అరిచింది నేనే అన్నాను. ఆయన రాగి తీగ చుడుతూనే ఉన్నాడు.

"నీ గొంతు నాకెరుక లేదా తమ్మీ."

మరి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"దెబ్బలు తిన్నోనివి, జడుసుకున్నవు. అండ్ల నీ తప్పెంతనో నాకు తెల్వది. గని పద్మక్కకు నువ్వే చెప్పాలె."

వచ్చే వారం పోదాం అన్నాను.

ఆ వచ్చే వారం ఇన్నేళ్లయింది. సిరిసిల్ల బయల్దేరే ముందు ప్రతిసారీ ఫోన్ చేసేవాడు, "అస్తవా?" అని. నేను ఏదో పని చెప్పేవాణ్ణి. సరే అనేవాడు, కోపం లేకుండా. ఇప్పుడు ఆ ఫోన్ ఒక్కసారి వస్తే చాలు, చెప్పులు కూడా వేసుకోకుండా బండి తీస్తాను భాయ్.

నిన్న మధ్యాహ్నం పద్మక్క సిరిసిల్ల నుంచి వచ్చింది. జనాజా వెళ్లాక, ఖననం ముగించుకుని తిరిగి వచ్చి, ఇంటి ముందు టెంటు కింద ఆమె పక్కన కూర్చున్నాను. మొత్తం చెప్పాను.

ఆమె నా వైపు తిరిగింది.

"గిన్నేండ్లు ఏడున్నవు తమ్మీ? ఒక్కడే మోసిండు గద."

క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. బస్సు ఎక్కించడానికి వెళ్తే, మెట్టు మీద నిలబడి ఇంకో మాట అంది. "మా గల్లీల అందరు యూసుఫ్‌నే తప్పు వట్టిన్రు. అచ్చి ఆళ్ల ముంగట చెప్పు."

ఈ ఆదివారం వెళ్తున్నాను. అంతకంటే ముందు మీ అందరి ముందు రాస్తున్నాను. అరిచింది నేను. దయచేసి ఇక ఆయన్ను తాళం యూసుఫ్ అనకండి.

పోయి రా భాయ్. ఇన్నేళ్లు నువ్వు మోసిన నా వంతు ఇక నేను మోస్తాను. నువ్వు నిమ్మళంగా పండుకో.