కెమెరా గుర్తు మీద మా చిన్నమ్మ

ఆ రోజు హారన్ మోగలేదు. ఏదో కొంప మునిగిందని నాకు మొదట అనుమానం వచ్చింది అప్పుడే. ఆ రోజుల్లో మా ఊరి సర్పంచ్ బండెక్కాడంటే పెద్దవంగర రోడ్డు మలుపులో మొదలుపెట్టిన హారన్‌ను, తనకు కావలసిన ఇంటివాళ్లు బయటికొచ్చేదాకా ఆపేవాడు కాదు. (అందుకే ఆయన మాకు హారన్ సర్పంచ్. ఆయన ఎదుట మాత్రం హారన్ తీసేసి మిగతాది పలికేవాళ్లం.) అలాంటి మనిషి ఆ ఉదయం చప్పుడు లేకుండా మా వాకిట్లో బండి ఆపి, పళ్లు తోముకుంటున్న మా బాపు ముఖానికి ఫోన్ అడ్డం పెట్టి, "ఏందన్నా గిది? పంచాయతీల పనిచేసుకుంట నా మీదికే మీ మరదల్ని నిలబెడ్తున్నవా?" అన్నాడు. ఫోన్లో మా చిన్నమ్మ, అంటే మా బాబాయి భార్య, రెండు చేతులూ జోడించి నారింజ రంగు వెలుగులో నవ్వీనవ్వనట్టు నిలబడి ఉంది. ఆ బ్యానర్ చేసిన మహానుభావురాలిని నేనే. తలుపు వెనక్కి జరిగాను.

అప్పుడు నేను జనగామలో హాస్టల్లో ఉండి డిగ్రీ చివరి ఏడాది చదువుతున్నాను. మా విద్యార్థుల సేవాసంఘం జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలకు కలిపి ఒక ఫోటోల పోటీ పెట్టింది. ఊరికోసం జీతం లేకుండా పనిచేసేవాళ్లను ఫోటో తీసి పంపాలి, నచ్చిన ఫోటోకు జనం ఆన్‌లైన్‌లో ఓటేయాలి. బ్యానర్లు చేసి వాట్సాప్ గ్రూపుల్లో తిప్పే పని నాకప్పగించారు. నాలో కళ ఉందని కాదు, ఫోన్లో ఖాళీ ఉన్నది నాకొక్కదానికే. నమూనాకు ఒక ఫోటో కావాలంటే సెలవుకు ఇంటికొచ్చినప్పుడు చిన్నమ్మ గుర్తొచ్చింది. ఎవరూ చెప్పకుండానే ఆమె రోజూ తెల్లారేసరికి బస్సాగే చోటు ఊడ్చి, బడిపిల్లలకు కుండ నిండా నీళ్లు పోసి వచ్చేది. నేను ఫోన్ ఎత్తగానే, "వద్దే తల్లీ, నీకు దండం పెడ్త, మొహం గూడ కడుగలే" అని చీపురు పడేసి చేతులు జోడించింది. నేను నొక్కాను. వెలుతురు బాగుంది మరి.

తర్వాత నా ప్రతిభంతా చూపించాను. నడుమ చిన్నమ్మ, పైన "మన ఊరి సేవకురాలు", పక్కన "మీ ఓటు వేయండి", కుడివైపు మూలకు గుండ్రటి గీతలో మా సంఘం కెమెరా బొమ్మ. పోటీ నిబంధనలు అడుగున చీమల బారులా పెట్టాను. నాకు తట్టనిది ఒక్కటే, పంచాయతీ ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. మా వైపు ఊళ్లలో దండం పెట్టిన మనిషి, మూలకు గుండ్రంలో ఒక వస్తువు కనిపించాక ఇంకెవరూ అక్షరాల జోలికి పోరు. ఉంగరం గుర్తు, కత్తెర గుర్తు చూసిన కళ్లకు కెమెరా గుర్తు కొత్తేం కాదు. చిన్నమ్మ పోటీలో ఉందని ఊరు రాత్రికి రాత్రే ఖాయం చేసేసింది.

నవ్వులాట అక్కడితో అయిపోయింది. బాపు ఊరికి నీళ్లు వదిలే పనిచేసేవాడు. వాల్వులు తిప్పే ఇనుప రాడ్డు ఆయన చేతిలో లేకుండా నేనెప్పుడూ చూడలేదు. (ఆయన పెళ్లి ఫోటోలో కూడా ఓ మూలకు అది ఉందని మా అమ్మ వాదన.) ఆ పనే మా ఇంటి బియ్యం, ఆ పనే నా హాస్టల్. "రేపు పొద్దుగాల రాడ్డు తెచ్చి పంచాయతీల పెట్టు" అని చెప్పి సర్పంచ్ బండెక్కాడు. పోయేటప్పుడు కూడా హారన్ కొట్టలేదు. బాపు నోట్లో పుల్ల అలాగే ఉంది. "నాకేం తెల్వదే బిడ్డా, అసలు నాకు ఫోనే లేదు" అన్నాడు నాతో, నేనేదో విచారణ చేస్తున్నట్టు.

ఉన్న తెలివంతా వాడి అన్ని గ్రూపుల్లోంచీ బ్యానర్ తీసేశాను. క్షణాల్లో భూపాలపల్లి బొగ్గుబాయిలో పనిచేసే మా మామ ఫోన్. "పెట్టి తీసేసిన్రంటే ఏదో ఉన్నది. పరేషాన్ గాకుండ్రి, జీపు కట్టుకొని మేమంత వస్తం." రావద్దని బతిమాలి, రెండో బ్యానర్ చేశాను. ఎర్రటి అక్షరాలతో "మా చిన్నమ్మ ఎన్నికల్లో నిలబడటం లేదు" అని రాసి, వేరే ఫోటో లేక మళ్లీ అదే పెట్టాను. అంతకుముందు ఓటడిగిన చేతులు ఇప్పుడు ప్రాణభిక్ష అడుగుతున్నట్టు కనిపించాయి. మధ్యాహ్నానికల్లా మానుకోట (అదే మహబూబాబాద్) గ్రూపుల్లో కూడా వార్త తిరిగింది: "పాపం, గరీబు ఆడమనిషిని బెదిరించి కూసోబెట్టిన్రు." మా వాడకట్టు ఆడవాళ్లు గుంపుగా వచ్చి చిన్నమ్మ చుట్టూ కూర్చున్నారు. "నువ్వు భయపడకక్కా, నిలబడు. మేం జూసుకుంటం" అన్నారు. నిన్నటిదాకా ఆమె ఊడ్చిన చోటే గుట్కా పొట్లాలు పడేసిన వాళ్ల ఇంటాయనలు కూడా జై కొట్టారు.

సాయంత్రం సర్పంచ్ మళ్లీ వచ్చాడు. ఈసారి బండి కూడా లేదు, నడిచొచ్చాడు. చిన్నమ్మ మిరపకాయలకు తొడిమెలు తీస్తోంది, తల ఎత్తలేదు.

"అక్కా, నిలబడితే నిలబడు. నేను బెదిరించిన్నని మాత్రం అనిపియ్యకు. నీకు దండం పెడ్త" అని చేతులు జోడించాడు. నా వేలు దానంతటదే ఫోన్ వైపు పోయింది. (నొక్కలేదు, ఒట్టు.)

"నాకెందుకయ్యా గవన్నీ? మా బావ రాడ్డు జోలికి రాకు."

"రాడ్డా? రాడ్డు ఎవలడిగిన్రక్కా?"

"పొద్దుగాల నువ్వే అడిగినవట గద. సరే తియ్యి. రేపు తెల్లారంగ చీపురు పట్టుకొని బస్సుకాడికి రా. ఇద్దరం ఊడుస్తుంటే గీ పిల్ల ఫోటో తీస్తది. గప్పుడు నమ్ముతరు జనం."

"చీపురా?"

"మరి హారన్‌తోని ఊడుస్తవా?"

మరునాడు తెల్లవారుజామున మలుపులోనే హారన్ మోగింది. ఆ మోత వినగానే బాపు రాడ్డు భుజాన వేసుకొని, ఈల వేస్తూ ట్యాంకు వైపు వెళ్లాడు. సర్పంచ్ నాలుగంటే నాలుగుసార్లు చీపురు ఆడించి, "వచ్చిందా బిడ్డా ఫోటో?" అని అడిగాడు. ఆ మూడో బ్యానర్‌తో ఊరు చల్లబడింది. పోటీ సంగతి అంటారా, గంగారం అడవి పల్లెల నుంచి కురవి దాకా ఫోటోలు బాగానే వచ్చాయి. బోరింగు బాగుచేసే తాత, చర్చిలో పిల్లలకు పాటలు నేర్పే అక్క, అందరూ చేస్తున్న పని ఆపేసి చేతులు జోడించి నిలబడి ఉన్నారు. నమూనాలో అలా ఉంది కదా! చిన్నమ్మ నన్ను ఒక్క మాటా అనలేదు. వారం తర్వాత కుండ కడుగుతూ మాత్రం, "నేను వద్దన్న గదనే?" అంది. నేను నవ్వేశాను. అప్పుడు నాకు ఇరవై ఏళ్లు, ఎవరి ముఖమైనా నా ఫోన్‌దే అనుకునేదాన్ని.

ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లిని. దగ్గు వినిపిస్తే భయం, వినిపించకపోయినా భయం. వాళ్లు పడుకున్నాక ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, నిన్న పెద్దదానికి జుట్టు కత్తిరిస్తుంటే అది ఏడుస్తూ, "వద్దమ్మా" అని నాకు చేతులు జోడించింది. నేను నొక్కాను. స్టేటస్‌లో కూడా పెట్టాను. వెలుతురు బాగుంది మరి.

ఇవాళ పొద్దున లేవగానే ఆ ఫోటో తీసేశాను. పది నిమిషాలు కాలేదు, ఊరి నుంచి చిన్నమ్మ ఫోన్. "పిల్ల ఫోటో పెట్టి తీసేసినవేందే? ఎవలన్న బెదిరించిన్రా?" ఆమె నవ్వు ఆగేదాకా ఆగి ఫోన్ పెట్టేసి, పాలగ్లాసుల ముందు కూర్చున్న ఇద్దరికీ చెప్పాను. "ఇగ నుంచి మిమ్మల్ని అడిగినంకనే అమ్మ ఫోటో తీస్తది. మీరు చేతులు జోడిస్తే వద్దన్నట్టు, సరేనా?" పెద్దది గంభీరంగా తలూపింది. చిన్నోడు వెంటనే పాలగ్లాసుకు రెండు చేతులూ జోడించాడు.

"పాలకు గది నడువది నాయినా, తాగు" అన్నాను.