కంచం ఎవరి వంతు

పోయిన నెలలో తిరుపతిలో మా శిశు సంక్షేమ శాఖ శిక్షణ తరగతి పెట్టినప్పుడు, నాకన్నా ఇరవై ఏళ్లు చిన్నదైన అధికారిణి ఒకామె నన్ను కొత్తవాళ్లకు పరిచయం చేస్తూ, ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే కార్వేటినగరం దగ్గర వీధుల్లో అడుక్కుంటున్న ఆడపిల్లను కాపాడిన మనిషి అని చెప్పి శాలువా కప్పింది. నేను తల వంచుకున్నాను. అందరూ దాన్ని వినయం అనుకున్నారు. ఆ రోజుల్లో నాలాగే చిన్న ఉద్యోగాలతో మోటారు సైకిళ్ల మీద పల్లెలు తిరిగినవాళ్లకైనా అసలు సంగతి చెప్పకపోతే ఆ శాలువా నా భుజం మీద నుంచి దిగేలా లేదు.

ఆ పిల్ల అడుక్కోలేదు. అడుక్కుంటోందని రాసింది నేను.

ఆఫీసుకు ఎవరో ఊరూ పేరూ లేని ఉత్తరం రాస్తే విచారణకు వెళ్లాను. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కూలికి పోయే ఆడవాళ్లుండే చిన్న వీధి, మొత్తం ఆరిళ్లు. నేను బండి ఆపేసరికి ఆరేడేళ్ల పిల్ల స్టీలు కంచం ఒకటి రొమ్ముకు హత్తుకుని, ఒక గడప దిగి ఇంకో గడప వైపు నడుస్తోంది. ఏ ఇల్లు పాపా మీది అని అడిగితే, “ఈ పొద్దు పెద్దమ్మోళ్ల ఇల్లు సార్, రేపు అత్తోళ్లది” అంది. ఆ ఒక్క మాటతోనే నా మనసులో నివేదిక సగం తయారైపోయింది.

వాళ్ల నాయన లేడు. అమ్మ క్షయతో తిరుపతి ఆసుపత్రిలో ఉంది. పెద్దమ్మ అనే ఆవిడ మామిడి రసంతో పసుపెక్కిన చేతులు తుడుచుకుంటూ బయటికి వస్తే, మీరు ఆ పిల్లకు ఏమవుతారని అడిగాను. “ఏమయ్యేదేంది సార్, ఎదురిల్లు” అంది. అది కాదమ్మా, చుట్టరికం ఏమిటని మళ్లీ అడిగాను. “అదే సెప్తాండా గదా, ఎదురిల్లని” అని నావైపు జాలిగా చూసింది. చుట్టూ చేరిన ఆడవాళ్లు నవ్వారు. నాకు చిన్నతనమనిపించింది. నా కాగితంలో సంరక్షకులని ఒకే గడి ఉంది, అందులో ఒకే పేరు పడుతుంది. ఆరిళ్లు పట్టవు. ‘బంధువులెవరూ లేరు, పిల్ల కంచం పట్టుకుని ఇంటింటికీ తిరుగుతోంది’ అని రాసి సంతకం పెట్టాను.

ఒక్క ప్రశ్న అడిగి ఉంటే తెలిసేది. ఫ్యాక్టరీలో కొందరికి పగలు పని, కొందరికి రాత్రి పని కాబట్టి పిల్లను చూసుకోవడానికి వాళ్లు వంతులు పెట్టుకున్నారు. కంచం ఏ ఇంట్లో ఉంటే ఆ పూట అన్నం, స్నానం, జడ, పడక ఆ ఇంటి పూచీ. చెవులు కుట్టినప్పుడు వాళ్లమ్మ కొన్న కంచం, అంచున చుక్కలు చుక్కలుగా పిల్ల పేరు చెక్కి ఉంది. మా ఇంట్లోనూ గిన్నెలన్నిటి మీదా మా నాయన పేరు ఉండేది, పెళ్లిళ్లకు అరువిచ్చినా పేరు చూసి తిరిగి ఇంటికి చేర్చేవారు. అలాంటి ఇంట్లో పుట్టినవాణ్ణి, అడుక్కునే పిల్ల చేతిలో పేరు చెక్కిన కంచం ఎందుకుంటుందని ఆలోచించలేకపోయాను.

నా నివేదిక మీద పిల్లను హోముకు చేర్చమని ఉత్తర్వు వస్తే ఆఫీసు జీపులో వెళ్లాను. పిల్లను ఎక్కించుకుని జీపు కదిలేటప్పుడు పెద్దమ్మ ఆ కంచం నా ఒళ్లో పెట్టింది. “దీంట్లో పెడితేనే తింటాది సార్, మర్చిపోవద్దు.” చిత్తూరులోని హోములో పిల్లలందరికీ ఒకే రకం పళ్లాలు, బయటివి పెట్టనివ్వరు. సరేలే అని వెనక్కి తెచ్చుకుని నా పెట్టెలో పడేశాను.

అయిదు నెలలకు వాళ్లమ్మ నయమై వచ్చింది. నేను రాసిన ఆ ‘ఇంటింటికీ’ అనే మాట ఆమెకు అడ్డం పడి, బిడ్డ ఇంటికి చేరేసరికి ఇంకో ఏడాది పట్టింది. అన్నాళ్లూ ఆ ఆడవాళ్లు కూలి మానుకుని చిత్తూరు బస్సెక్కుతూనే ఉన్నారు. తిరిగొచ్చాక ఆ పిల్ల అన్నం వేళకు చేతులు కడుక్కుని, పిలిచేదాకా గోడవార నిలబడేదట, ముందూ వెనకా ఎవరూ లేని వరుసలో. ఇది నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

శాలువా కప్పిన మరుసటి ఆదివారం పెట్టె వెతికి, కంచం తీసుకుని ఆ వీధికి వెళ్లాను. ఆ పిల్ల పుత్తూరులో కాపురముంటోంది, వాళ్లమ్మ కూడా అక్కడే. పెద్దమ్మ ఉంది. చూపు మందగించింది. నేనెవరో చెప్పి, తప్పయిందనే మాటకు బదులు కంచం ఆమె చేతిలో పెట్టాను. అంచు మీది చుక్కల్ని బొటనవేలితో తడుముతూ పేరు చదువుకుంది.

“ఇన్నాళ్లూ నీ వంతా సార్?” అని నవ్వింది.

ఆమె దాన్ని కడిగి, అందులోనే నాకు సంగటి పెట్టింది.

ఇప్పుడు పిల్లను పుట్టిన వీధికి దూరం చేయొద్దని, ఇరుగుపొరుగులో పెంచేవాళ్లుంటే వాళ్లకే చేయూత ఇవ్వాలని మా శిక్షణలో చెబుతున్నారు. కాగితంలో దానికి గడి కూడా వచ్చింది. మంచిదే. కానీ ఆ వీధిలో రెండిళ్లకు తాళాలు, తక్కినవాటికి ప్రహరీలు, ఇనుప గేట్లు. నేను బండి తీస్తుంటే పెద్దమ్మ కంచం పట్టుకుని గడపలో నిలబడి అటూ ఇటూ చూసింది. రేపు దాన్ని ఏ ఇంటికి పంపాలో ఆమెకు కూడా తెలియలేదు.